క్యాంపస్‌కో జాంబవంతుడు

‘నా వల్ల కాదేమో...’ డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరిన మొదటి ఏడాది ఎంతోమంది తెలివైన పిల్లలు లోలోపల అనుకునే మాట ఇది. పైకి వినపడదు. వెనక బెంచీలో, బ్యాక్‌లాగ్‌ల జాబితాలో, ఎత్తని ఫోన్లలో కనపడుతుంది. మరి ‘నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం ఎక్కడ పుడుతుంది? దాన్ని నిలబెట్టేదెవరు? చదువుకునే బిడ్డ ఉన్న ప్రతి ఇల్లూ ఆలోచించాల్సిన సంగతి ఇది.

రాత్రి పదకొండు దాటింది. హాస్టల్ వరండాలో ట్యూబ్‌లైట్ కింద ఓ అమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడింది. క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి మొదటి మిడ్ మార్కుల పీడీఎఫ్ వచ్చింది. వేలితో జరుపుకుంటూ పోయి తన హాల్‌టికెట్ నంబరు దగ్గర ఆగింది. మ్యాథ్స్‌లో 30కి 9. మళ్లీ చూసింది. తొమ్మిదే. అంతలో అమ్మ ఫోన్.

“తిన్నావా తల్లీ? పరీక్షలెలా రాశావు?”

“తిన్నానమ్మా. బాగానే రాశా.”

నిజానికి ఆ రాత్రి ఆమె మెస్‌కే వెళ్లలేదు.

పదో తరగతిలో మండలం ఫస్ట్ వచ్చినప్పుడు ఊరి సెంటర్లో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. తెలుగు మీడియంలో చదివి, ఎంట్రెన్సులో ర్యాంకు తెచ్చుకుని, ఆ ఊరి నుంచి ఇంజినీరింగ్‌కి వచ్చిన మొదటి ఆడపిల్ల. ఇక్కడ పాఠమంతా ఇంగ్లిష్‌లోనే. బోర్డు నిండాక తుడిచేస్తారు. డౌట్ అడుగుదామంటే వాక్యం నోట్లోనే ఆగిపోతుంది. మార్కులు వచ్చిన మర్నాటి నుంచి ఆమె చివరి బెంచీకి మారింది. అసైన్‌మెంట్ పక్కవాళ్ల పుస్తకంలోంచి దించుకుంది. రెండో సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులు ఉండిపోయాయి.

ఈ అమ్మాయికి పేరు పెట్టనక్కర్లేదు. మన ఊళ్ల నుంచి పిల్లలు చేరే ఏ కాలేజీ హాస్టల్లో అడిగినా, ఇలాంటివాళ్లు ఫలానా గదిలో ఉన్నారని చెబుతారు. ఫ్లెక్సీ కట్టిననాటి తెలివి ఆమెకి ఇప్పటికీ ఉంది. పోయినవి రెండు: తన మీద తనకున్న నమ్మకం, పక్కన నిలబడే మనిషి. ఇవి రెండూ వేర్వేరు విషయాలని మనం అనుకుంటాం. నమ్మకం పిల్లల బాధ్యత, అండ పెద్దల దయ అని పంచేస్తాం. ఎన్నో ఏళ్ల పరిశోధనలూ, మన ఇళ్ల అనుభవమూ చెబుతున్నది వేరు. పక్కన మనిషి ఉంటేనే లోపల నమ్మకం మొలుస్తుంది.

దూరంగా కూర్చున్న హనుమంతుడు

రామాయణంలో కిష్కింధాకాండ చివరి ఘట్టం గుర్తుచేసుకుందాం. ఎదురుగా సముద్రం. నూరు యోజనాలు దాటాలి. వానరవీరులు ఒక్కొక్కరే లేచి తమ శక్తి ఎంతో చెబుతారు. ఒకరు పది యోజనాలంటారు, ఒకరు ఇరవై అంటారు. అంగదుడైతే నూరు యోజనాలూ దాటుతాను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. అంతమందిలో నిజంగా దాటగలవాడు మాత్రం ఓ పక్కన మౌనంగా కూర్చుని ఉన్నాడు.

జాంబవంతుడు అతని దగ్గరికి వెళ్లి ఏం చేశాడన్నదే ఇక్కడ ముఖ్యం. ‘నువ్వు చేయగలవు’ అని భుజం తట్టి ఊరుకోలేదు. నీ పుట్టుక ఇదీ, పసితనంలో సూర్యుణ్ని పండనుకుని ఆకాశానికి ఎగిరావు, ఆ బలం నీలోనే ఉంది అని వివరంగా చెప్పాడు. జరిగిన విషయాన్నే సాక్ష్యంగా చూపించాడు. అప్పుడు హనుమంతుడు పెరగడం మొదలుపెట్టాడు.

మన పెద్దలు ఈ కథను భక్తితో చెప్పారు. చదువుల విషయంలో ఇందులో మూడు పాఠాలున్నాయి. సమర్థుడు కూడా ఒంటరిగా కూర్చుంటే తన బలం మర్చిపోతాడు. గుర్తుచేసేవాడు దగ్గరికి వెళ్లి చెప్పాలి. చెప్పేది వట్టి పొగడ్త కాకుండా, అతను ఇదివరకు చేసిన పనే అయి ఉండాలి. ఆధునిక మనస్తత్వశాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో ప్రయోగాలు చేసి చేరుకున్నదీ దాదాపు ఇక్కడికే.

ఇద్దరు పంతుళ్ల బడి నుంచి

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో మండేర్ అనే చిన్న ఊరు. అక్కడి హైస్కూల్ మొత్తానికీ ఇద్దరే టీచర్లు. పుస్తకాలూ అంతంతమాత్రమే. 1925లో ఆ ఊళ్లో, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన ఆల్బర్ట్ బండూరా, తన చదువు తనే చూసుకోవాల్సిన ఆ బడిలో చదివే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. ‘ఈ పని నేను చేయగలను’ అని మనిషి నమ్మడానికీ, ఆ పనిలో అతను చూపే పట్టుదలకీ ఉన్న సంబంధాన్ని 1977లో ఓ సిద్ధాంతంగా ముందుపెట్టారు. 2021లో కన్నుమూసేదాకా దాని మీదే పనిచేశారు.

పాములంటే వణికిపోయేవాళ్లతో ఆయన చేసిన ప్రయోగాలు ప్రసిద్ధం. భయం పోగొట్టడానికి ఉపన్యాసాలివ్వలేదు. ముందు ఇంకొకరు పామును పట్టుకుంటుంటే దూరం నుంచి చూడమన్నారు. తర్వాత గది గుమ్మం దాకా రమ్మన్నారు. ఆ తర్వాత చేతికి తొడుగు వేసుకుని తాకమన్నారు. చివరికి వట్టి చేతులతో పట్టుకోమన్నారు. ప్రతి మెట్టులోనూ పక్కన ఓ మనిషి ఉన్నాడు. భయం పోయినవాళ్లు పాము సంగతి అటుంచి, జీవితంలో మిగతా పనుల్లో కూడా ధైర్యం వచ్చిందని చెప్పడం బండూరాను ఆలోచనలో పడేసింది.

నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆయన తేల్చారు. మొదటిదీ అన్నిటికంటే బలమైనదీ, స్వయంగా చేసి గెలిచిన అనుభవం. రెండోది, మనలాంటివాడే చేస్తుంటే చూడటం. మూడోది, మనం నమ్మే మనిషి నోటి మాట. నాలుగోది, ఒళ్లూ మనసూ ఉన్న స్థితి. నిద్రలేక, తిండి మానేసి, గుండె దడదడలాడుతుంటే ఎంత చదివినవాడికైనా ‘నాకేమీ రాదు’ అనిపిస్తుంది.

ఈ నాలుగింటినీ మన హాస్టల్ అమ్మాయికి పెట్టి చూడండి. గెలిచిన అనుభవం 9 మార్కుల దగ్గర ఆగిపోయింది. తనలాంటి తెలుగు మీడియం సీనియర్ ఎవరైనా ఈ సబ్జెక్టు గట్టెక్కారేమో ఆమెకి తెలీదు. మాట చెప్పేవాళ్లు లేరు. మెస్‌కి వెళ్లని రాత్రి శరీరం కూడా సహకరించదు. నాలుగు దారులూ ఒకేసారి మూసుకుపోయిన పిల్లను పట్టుకుని ‘కాన్ఫిడెన్స్ పెంచుకో’ అంటే ఏం పెంచుకుంటుంది?

ఈ నమ్మకం విలువెంతో ఓ లెక్క చెబుతుంది. యూనివర్సిటీ విద్యార్థుల మార్కులకీ వాళ్ల మనస్తత్వానికీ ఉన్న సంబంధం మీద 13 ఏళ్లలో వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి బ్రిటన్ పరిశోధకులు 2012లో ఓ సమీక్ష ప్రచురించారు. తెలివితేటల కొలతలు కాకుండా వ్యక్తిత్వం, చదివే పద్ధతి, ఒత్తిడి, లక్ష్యాలు వంటి 42 అంశాలు చూశారు. వాటన్నిటిలోకీ మార్కులతో గట్టిగా ముడిపడినది, ‘ఇన్ని మార్కులు నేను తెచ్చుకోగలను’ అన్న నమ్మకమే. అయితే ఇది రెండువైపులా తిరిగే చక్రం. మార్కులొస్తే నమ్మకం పెరుగుతుంది, నమ్మకం ఉంటే మార్కులొస్తాయి. ఆగిపోయిన చక్రాన్ని మొదటిసారి తిప్పడానికి మాత్రం ఓ చెయ్యి కావాలి.

అలాంటి చెయ్యి నాకు డిగ్రీ రెండో ఏడాదిలో దొరికింది. ఇంటర్నల్ పరీక్షలో ఓ పెద్ద లెక్క తప్పు చేశాను. పేపరు తిరిగిచ్చేటప్పుడు లెక్చరర్ దాని మీద ఇంటూ కొట్టలేదు. ఆరో మెట్టు కింద పెన్సిల్‌తో ఓ గీత గీసి, ‘ఇక్కడిదాకా కరెక్టు. గుర్తు మారింది, చూసుకో’ అని రాశారు. అప్పటిదాకా నాకు ఆ చాప్టరే రాదనుకునేవాణ్ని. రానిది ఒక్క గుర్తేనని ఆ గీత చెప్పింది. ఆ సాయంత్రం అలాంటివి నాలుగు లెక్కలు చేశాను. ఆ పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఒంటరిగా చదివినవాళ్లు

1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో యూరీ ట్రైస్‌మన్ అనే యువ గణితవేత్తను ఓ ప్రశ్న వేధించింది. మొదటి ఏడాది క్యాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు పెద్ద సంఖ్యలో తప్పుతున్నారు. చైనా మూలాలున్న విద్యార్థులు బాగా రాణిస్తున్నారు. ఎందుకిలా అని అధ్యాపకుల్ని అడిగితే జవాబులు సిద్ధంగా ఉన్నాయి. వాళ్లకి పట్టుదల తక్కువ, స్కూల్లో పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం ఉండదు, డబ్బు లేదు. ఈ జవాబులు మనకీ కొత్తవి కావు. మన స్టాఫ్ రూముల్లోనూ ఇవే వినిపిస్తాయి.

ట్రైస్‌మన్ వాటిని నమ్మి ఊరుకోలేదు. ఇటు 20 మందినీ అటు 20 మందినీ ఎంచుకుని, నెలల తరబడి వాళ్లతోనే తిరిగారు. లైబ్రరీకి వెళ్లారు, గదులకి వెళ్లారు, చదువుతుండగా వీడియో తీశారు. అనుకున్న కారణాలన్నీ తప్పని తేలింది. ఆ నల్లజాతి పిల్లలు తమ స్కూళ్లలో మొదటి స్థానంలో నిలిచినవాళ్లు. ఊరికి గర్వకారణమైనవాళ్లు. బిడ్డ పుట్టకముందే కాలేజీకి పంపాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులు వాళ్లకున్నారు.

తేడా ఒక్కచోట దొరికింది. ఆ 20 మందిలో 18 మంది ఎన్నడూ క్లాస్‌మేట్‌తో కలిసి చదవలేదు. చెప్పినన్ని గంటలూ చదివారు, గది తలుపేసుకుని చదివారు. లెక్క రాకపోతే అది తమ ఒక్కరికే రావడం లేదనుకున్నారు. చైనా మూలాల పిల్లలు ముందు విడిగా చదివి, సాయంత్రం గుంపుగా కూర్చునేవాళ్లు. ఒకరి లెక్క ఒకరు దిద్దేవాళ్లు. అందరికీ రాని లెక్క ఎదురైతే, అది నిజంగానే కష్టమైన లెక్క అని వాళ్లకి తెలిసేది. తప్పు తమలో ఉందని ఎవరూ అనుకోలేదు.

దీని వెనకున్న విషాదం గమనించండి. ఒంటరిగా చదవడమే ఆ నల్లజాతి పిల్లల్ని అక్కడిదాకా తెచ్చింది. చుట్టూ చదువు వాతావరణం లేనిచోట, ఎవరితోనూ కలవకుండా పుస్తకం పట్టుకున్నవాడే పైకొచ్చాడు. స్కూల్లో కాపాడిన అలవాటే యూనివర్సిటీలో ముంచింది. మన మండలం ఫస్ట్‌ల కథ కూడా ఇదే కదా!

ట్రైస్‌మన్ పరిష్కారంలోనూ ఓ గొప్ప గౌరవం ఉంది. వెనకబడినవాళ్లకి ‘స్పెషల్ క్లాసు’ పెట్టలేదు. ‘మీరు ప్రతిభావంతులు, మీకోసం ఇంకా కష్టమైన లెక్కలు తెచ్చాం, కలిసి చేయండి’ అని వర్క్‌షాప్ పెట్టారు. పిల్లలు బల్లల చుట్టూ కూర్చుని వాదించుకుంటూ చేశారు. తప్పేవాళ్ల సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆ పద్ధతి తర్వాత అమెరికాలో ఎన్నో యూనివర్సిటీలకు పాకింది.

వారాలబ్బాయి నేర్పిన పాఠం

కలిసి నిలబెట్టడం మన నేలకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు పేద పిల్లలు పట్నంలో వారాలు చేసుకుని చదువుకునేవాళ్లు. సోమవారం ఓ ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏడు ఇళ్లు కలిసి ఓ విద్యార్థిని చదివించేవి. ఆ పద్ధతికి కులం గోడలుండేవన్నది కాదనలేని నిజం. అందరి బిడ్డలకూ ఆ గుమ్మాలు తెరుచుకోలేదు. కానీ ఒక చదువు వెనక ఏడు ఇళ్లుండటం ఎంత పెద్ద ఆలోచన!

టంగుటూరి ప్రకాశం పంతులునే తీసుకోండి. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. పరీక్ష రుసుము కట్టడానికి ఆమె పట్టుచీర తాకట్టుకి వెళ్లింది. బడిలో పాఠం చెప్పిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారుతూ శిష్యుణ్ని కూడా వెంట తీసుకెళ్లి చదివించారు. ఆ కుర్రాడే బారిస్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తల్లి చీర, గురువు చెయ్యి లేకపోతే ఆ తెలివి ఒంగోలు వీధుల్లోనే మిగిలిపోయేది.

నిజాం కాలంలో 1918లో హైదరాబాద్‌లో మొదలైన రెడ్డి హాస్టల్ తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకి నీడైంది. తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో మొదటి తరం ఉద్యోగుల్లో ఎంతోమంది ఆ హాస్టళ్ల అన్నం తిన్నవాళ్లే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ గేటు తెరిచింది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతోనే ఊరి పిల్లల్ని ఆరేళ్ల చదువుకి తీసుకున్నాయి. అక్కడ పక్క మంచం మీదున్నదీ తనలాంటి పల్లె పిల్లే. ‘మనలాంటివాళ్లని చూడటం’ అన్న రెండో దారి అక్కడ సహజంగానే తెరుచుకుంది.

అండలో రకాలున్నాయని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో నాలుగు పేర్లు పెట్టారు. మనసుకి ఆసరా, చేతికి సాయం, దారి చెప్పడం, చేసిన పనిని తూచి చెప్పడం. ప్రభుత్వాలూ కుటుంబాలూ రెండో రకం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాయి. ఫీజు కట్టారు, ల్యాప్‌టాప్ కొన్నారు. అవి లేనిదే ఏమీ జరగదు. ఫీజు బకాయి పడి సర్టిఫికెట్ ఆగిపోయిన కుర్రాడికి ధైర్యం చెప్పి లాభం లేదు. కానీ ఫీజు కట్టేసిన తర్వాత, ఏ సబ్జెక్టు ఎలా చదవాలో చెప్పే సీనియర్, ‘ఇక్కడిదాకా కరెక్టు’ అని గీత గీసే లెక్చరర్, ‘ఏంట్రా అలా ఉన్నావ్?’ అని అడిగే స్నేహితుడు ఏ బడ్జెట్‌లోనూ ఉండరు.

భువనగిరి గుట్ట నుంచి ఎవరెస్టు దాకా

ఈ నాలుగు రకాల అండా ఒక్కచోట కలిస్తే ఏం జరుగుతుందో 2014 మే 25న ప్రపంచం చూసింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ ఆ రోజు ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. చదువు తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమెతోపాటే ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది ఖమ్మం జిల్లా.

వాళ్లని నేరుగా ఎవరెస్టు కిందకి తీసుకెళ్లి ‘ఎక్కేయండి’ అనలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాయి పట్టుకోవడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణ ఇప్పించారు. ఆపైన లడఖ్ చలికి అలవాటు చేశారు. బండూరా పాము ప్రయోగంలో గుమ్మం, తొడుగు, వట్టి చెయ్యి ఎలాగో, ఇక్కడ గుట్ట, మంచు, శిఖరం అలాగ. ప్రతి మెట్టు దగ్గరా నేర్పేవాడున్నాడు, తాడుకి అవతలి కొసన తోటి మనిషి ఉన్నాడు. నువ్వు ఎవరికీ తక్కువ కావని రోజూ చెప్పే గురుకుల వ్యవస్థ, అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ నాయకత్వంలో వెనక నిలబడింది. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తిచేసింది.

చదువులో భువనగిరి గుట్ట ఏది? మొదటి సెమిస్టర్‌లో చేయగలిగిన చిన్న పని. ఒక యూనిట్, ఒక ల్యాబ్ ప్రయోగం, క్లాసులో రెండు నిమిషాల సెమినార్. అది గెలవకుండా సెమిస్టర్ మొత్తాన్ని ఎవరెస్టులా చూపించి భయపెడుతున్నాం.

‘ఇది నా చోటేనా?’

కొత్త క్యాంపస్‌లో ప్రతి పిల్లాడి మనసులోనూ తిరిగే ప్రశ్న ఇది. గొప్పగా రాణించే మహిళలు కూడా ‘ఏదో పొరపాటున ఇక్కడికొచ్చాను, ఒకరోజు బయటపడిపోతాను’ అనుకుంటారని పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే రాశారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకీ, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకీ ఈ అనుమానం రెట్టింపు. ఒక్క తక్కువ మార్కు, ఒక్క వెక్కిరింత చాలు, ‘అనుకున్నంతా అయింది’ అనిపించడానికి.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ఆశ పుట్టిస్తుంది. మొదటి ఏడాది విద్యార్థులు 92 మందిలో కొందరికి సీనియర్ల అనుభవాలు చదవమని ఇచ్చారు. ‘మొదట్లో నాకూ ఇక్కడ ఎవరూ లేరనిపించింది, మెల్లగా కుదురుకున్నాను’ అన్నది వాటి సారం. తర్వాత దాని గురించి సొంతంగా ఓ వ్యాసం రాయించి, రేపు వచ్చే జూనియర్ల కోసం కెమెరా ముందు చదివించారు. మొత్తం గంట పని. తర్వాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. కష్టం తన ఒక్కడిది కాదనీ, శాశ్వతం కాదనీ తెలియడమే మందుగా పనిచేసింది.

అయితే ఇదే బృందం 22 విద్యాసంస్థల్లో 26,911 మంది విద్యార్థులతో మళ్లీ పరీక్షించి 2023లో ఓ హెచ్చరిక కూడా చేసింది. ఆ విద్యార్థుల్ని నిజంగా కలుపుకుపోయే అవకాశమున్న క్యాంపస్‌లలోనే ఈ మాటలు ఫలించాయి. ‘నువ్వు మావాడివే’ అని గోడ మీద రాసి, గదిలో పరాయివాడిలా చూస్తే ఏ సందేశమూ పనిచేయదు. మంచి విత్తనానికైనా పదును ఉన్న నేల కావాలి.

అండ బరువైపోతే

అమ్మానాన్నలకి ఓ మాట చెప్పాలి. ‘పొలం అమ్మి చదివిస్తున్నాం, గుర్తుపెట్టుకో’ అన్న వాక్యం ప్రేమతోనే వస్తుంది. వినే బిడ్డకి మాత్రం అది అప్పు పత్రంలా వినపడుతుంది. ‘పక్కింటివాడికి ప్లేస్‌మెంట్ వచ్చింది’ అన్న కబురు ప్రోత్సాహమని మనం అనుకుంటాం. అది బిడ్డను ఫోన్ ఎత్తకుండా చేస్తుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే పరిశోధకులు, మనిషి ఇష్టంతో పనిచేయడానికి మూడు కావాలంటారు: ఇది నేను ఎంచుకున్నదన్న స్వేచ్ఛ, నాకు చేతనవుతుందన్న నమ్మకం, నావాళ్లు నాతో ఉన్నారన్న భావన. ఒత్తిడి పెట్టినప్పుడు మూడూ ఒకేసారి దెబ్బతింటాయి. బ్రాంచి మనం ఎంచి, మార్కులు మనం లెక్కపెట్టి, తప్పినప్పుడు ముఖం తిప్పుకుంటే ఆ చదువు మీద బిడ్డకి మిగిలేదేముంటుంది?

పొగడ్తల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ‘నువ్వు తోపువి, పుస్తకం ముట్టకపోయినా పాసవుతావు’ అనే స్నేహితుడి మాట ఫలితాలొచ్చిన రోజు కూలిపోతుంది. మాటతో పుట్టిన నమ్మకం ఒక్క ఓటమికి పోతుందనీ, చేసి తెచ్చుకున్నది నిలుస్తుందనీ బండూరా చెప్పింది ఇందుకే.

ఎవరేం చేయొచ్చు?

లెక్చరర్లు: సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇంజినీరింగ్ కాలేజీల్లో మొదటి 3 వారాల ఇండక్షన్ ఉండాలని చెప్పింది. వాటిని ఉపన్యాసాలతో నింపేయకండి. బ్యాక్‌లాగ్ క్లియర్ చేసి గట్టెక్కిన సీనియర్లతో మాట్లాడించండి. మొదటి మిడ్‌లో తక్కువ వచ్చినవాళ్లని విడిగా పిలిచి, ఏ మెట్టు దాకా సరిగ్గా వచ్చారో చూపించండి. తెలుగులో డౌట్ అడిగితే తెలుగులోనే జవాబు చెప్పండి. జ్ఞానం ఏ భాషలో వచ్చినా జ్ఞానమే.

కాలేజీలు: 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ ప్రాణాలు కోల్పోయిన ఓ 17 ఏళ్ల విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు అది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానాలని కూడా అందులో ఉంది. మార్కుల పీడీఎఫ్ గ్రూపులో పడేసే ముందు ఆ తీర్పును ఓసారి చదవాలి. ఎవరి మార్కు వాళ్లకే పంపడానికి ఖర్చేమీ కాదు.

సీనియర్లు: మీ పాత నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, మీరు తప్పిన సబ్జెక్టు కథ జూనియర్లకి ఇవ్వండి. మీరు గెలిచిన కథకంటే తప్పి లేచిన కథే వాళ్లకి ఎక్కువ ఉపయోగం.

విద్యార్థులు: ముందు ఒంటరిగా చదవండి, తర్వాత కలిసి చేయండి. నలుగురు, వారానికి రెండు సాయంత్రాలు, ఒక బల్ల చాలు. మీకు రాని లెక్క పక్కవాడికీ రాదని తెలిసిన రోజు సగం భయం పోతుంది. రోజు చివర ‘ఇవాళ నాకు వచ్చినది’ అని ఒక్క వాక్యం రాసుకోండి. పరీక్ష ముందు రాత్రి మీ సాక్ష్యం అదే. మనసు మరీ బరువెక్కితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

తల్లిదండ్రులు: ఫోన్‌లో ‘తిన్నావా?’ అని అడగడం మానకండి. అది చిన్న ప్రశ్న కాదు, మన భాషలో ప్రేమకి ఉన్న పేరు. దాని తర్వాత మార్కుల ప్రశ్న వెంటనే వేయకండి. ‘ఈ వారం ఏది కష్టంగా ఉంది?’ అని అడగండి. జవాబు మీకు అర్థం కాకపోయినా వినండి. తప్పామన్న మాట ఇంట్లో చెప్పుకోగలిగిన పిల్లలే మళ్లీ పరీక్ష రాయగలుగుతారు.

మొదట చూసిన అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆ వరండాలో ఆమె ఇంకా నిలబడే ఉంది. ఆమెకి కావాల్సింది పెద్ద పథకమేమీ కాదు. పక్క గది నుంచి ఓ సీనియర్ వచ్చి, “మొదటి మిడ్‌లో నాకూ అంతే వచ్చాయి. రేపు సాయంత్రం నోట్‌బుక్ తీసుకుని రా, కూర్చుందాం. ముందు పద, ఏమైనా తిందువు గాని” అంటే చాలు.

ఇది చదువుతున్న మీకు తెలిసినవాళ్లలో అలాంటి విద్యార్థి ఒకరు తప్పక ఉంటారు. తమ్ముడి కొడుకో, పక్కవీధి అమ్మాయో, మీ పాత విద్యార్థో. వాళ్లు ఇదివరకు చేసిన ఒక మంచి పని మీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఆదివారం ఫోన్ చేసి దాన్ని వాళ్లకి గుర్తుచేయండి.